పసివారి ఉక్రోషము



నేడు నేను ముచ్చటింపదలచినది పంటలను గుఱించి కాదు, పశువులను గుఱించి కాదు. ఒకటిన్నర యేడు మొదలు ఐదేండ్లవఱకు ప్రాయముగల పిల్లలు చేయు మారామును గుఱించి. ఇదియు ఒక ప్రసంగ విషయమా యని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. కాని మనసు విప్పి చెప్పుడు: తెల్లవారినది మొదలు దీపములు పెట్టువఱకు మీ యోర్పును పరీక్షించునది గట్టు తగవులా, కాలువనీటి తగవులా? కావు. నట్టింట బోరగిలపడి కాళ్లు తన్నుకొనుచు ఏడ్చు రెండున్నర యేండ్ల మనుమడే. వాని తల్లియు తండ్రియు పొలమునకో, కూలికో, పట్టణమున ఉద్యోగమునకో పోయినపుడు వాడు మిగులునది మీకే. అందుచే ఈ నాలుగు మాటలు తల్లులకంటె తాతలకును అవ్వలకును ఎక్కువగా చెప్పవలసియున్నవి.

మన భాషలో పసివారి కోపమునకు ఎన్ని పేర్లున్నవో చూడుడు. మారాము, పేచీ, మంకు, అలుక, కినుక, ఉక్రోషము. ఇవి అన్నియు ఒకటి కావు. అలిగినవాడు మూతి ముడుచుకొని స్తంభము చాటున కూర్చుండును. ఎవరైన వచ్చి బతిమాలుదురని వానికి తెలియును. మంకుపట్టినవానికి తనకేమి కావలెనో తెలియును. ఉక్రోషము వచ్చినవానికి ఈ రెండును తెలియవు. చేయబోయినది చేతకాక, చెప్పబోయినది నోటికి రాక, ఓడిపోయినవానికి కలుగు కోపమే ఉక్రోషము. మనము మొండితనమని పిలుచుదానిలో చాలభాగము ఇదియే. ఈ భేదము చూడనందుననే ఒక రోగమునకు మఱియొక మందు వేయుచున్నాము.

రెండేండ్ల బిడ్డ స్థితిని ఒకసారి తలపోయుడు. కాళ్లు వచ్చినవి, గడప దాటి పోగలడు. చేతులు వచ్చినవి, చెంబులోని నీరు తానే పోసికొందునను పట్టుదల వచ్చినది. మాటలు మాత్రము చాలినన్ని రాలేదు. ఆ యీడు పిల్లలకు సామాన్యముగా ఏబదియో నూఱో, బాగుగా పలుకువారికి రెండు మూడు వందలో మాటలు వచ్చును. అందు అమ్మ, పాలు, బువ్వ, కుక్క, బండి వంటివే యెక్కువ. "నేను తొడుగుకొనుచున్న చొక్కాను నీవు వచ్చి లాగి తొడిగితివి, నాకు చిన్నతనమైనది" అని చెప్పుటకు వలసిన మాటలు వానియొద్ద లేవు. కనుక ఆ సంగతిని వాడు కాళ్లతోను గొంతుతోను చెప్పును.

దీనికి తోడు మఱియొక కారణము కలదు. కోపము వచ్చినపుడు మన చేయి లేవకుండ పట్టియుంచుటలో ముఖ్యముగా పనిచేయునది మెదడున నుదుటి వెనుక నుండు భాగము. మెదడులోని భాగములలో మిక్కిలి ఆలస్యముగా పక్వమునకు వచ్చునది అదియే. ఇరువదేండ్లు దాటిన పిదపను దాని పెంపు సాగుచునే యుండునని నేటి శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. దూడ పుట్టిన కొద్దిసేపటికే లేచి నిలుచును. మనిషిబిడ్డ నిలుచుటకు ఏడాది పట్టును. దానికి మనమెవ్వరమును బిడ్డను కోపపడము. కోపమును పట్టుకొను శక్తి వచ్చుటకు ఏండ్లు పట్టునన్న మాత్రము మనకు ఓర్పుండదు.

ఈ విషయమును శ్రద్ధగా పరీక్షించినవారు కలరు. అమెరికా దేశమున మిన్నెసోటా విశ్వవిద్యాలయమునకు చెందిన ఫ్లారెన్స్ గుడెనఫ్ అను విదుషి 1931లో పసివారి కోపమును గుఱించి ఒక గ్రంథము ప్రకటించెను. నలువదిమందికి పైగా పిల్లల యిండ్లలో, బిడ్డకు కోపము వచ్చినప్పుడెల్ల అది ఎందుకు వచ్చినది, ఎంతసేపున్నది, పెద్దలేమి చేసిరి అను సంగతులను ఆమె తల్లిదండ్రులచేత వ్రాయించెను. ఆ లెక్కలలో కోపము మిక్కుటముగా కనబడినది రెండవ యేట, అటుపిమ్మట తగ్గినది. అన్నము వేళకు ముందును, నిద్రవేళకు ముందును కోపములు హెచ్చు. ఇది మన అవ్వలకు తెలియని సంగతి కాదు. అయినను పెండ్లిండ్లలో రాత్రి ముహూర్తమునకు బిడ్డను నిద్రనుండి లేపి, జరీచొక్కా తొడిగి, నలుగురిచేతులు మార్చి, వాడు ఏడ్చినపుడు "ఎంత పెంకివాడు!" అనువారము మనమే.

తరువాత 2003లో మైకేల్ పొటెగల్, రిచర్డ్ డేవిడ్‌సన్ అను ఇద్దఱు మూడువందలకు మించిన పిల్లల మారాములను గుఱించి తల్లిదండ్రులవలన వివరములు సేకరించి ప్రకటించిరి. అందు నాలుగింట మూడు పాళ్లు ఐదు నిమిషములలోపలనే ముగిసినవి. అరుగుమీద కూర్చుండి వార్తాపత్రికలో మొదటి పుట చదువుటకు పట్టునంత కాలమైనను కాదు. వారు కనిపెట్టిన మఱియొక సంగతి నాకు ఇంతకంటె విలువైనదిగా తోచినది. మారాములో రెండు వేఱు వేఱు భావములు పెనవేసికొనియుండును: ఒకటి కోపము, రెండవది దుఃఖము. కోపము మొదటిభాగముననే శిఖరమునకెక్కి దిగిపోవును. దుఃఖము మొదటినుండి తుదివఱకు సాగుచుండును. కోపము దిగిన పిదప అది పైకి కనబడును. మొదట మిమ్ము తన్నినవాడే కడపట వెక్కుచు మీ ఒడి వెదకుకొనుచు వచ్చుటకు కారణమిది. అది నటన యని కొందఱందురు. నటన కాదు.

భాగవతము దశమస్కంధమున ఇట్టి ఘట్టమే యున్నది. పురాణశ్రవణమున మీరు వినియే యుందురు. యశోద పెరుగు చిలుకుచుండగా బాలకృష్ణుడు పాలకై వచ్చి కవ్వము పట్టుకొనెను. ఆమె ఒడిలోకి తీసికొని పాలిచ్చెను. ఇంతలో పొయ్యిమీది పాలు పొంగినవి. బిడ్డ కడుపు నిండకమునుపే దింపి ఆమె పరుగెత్తెను. కృష్ణునకు కోపము వచ్చినది. పెదవి కఱచుకొనెను, రాతితో పెరుగుకుండ పగులగొట్టెను, లోపలికి పోయి చాటున వెన్న తినెను. దీనిని మనము లీల యని విని కన్నీరు నింపుకొందుము. మన మనుమడు ఇదే పని చేసినచో ఏమందుమో చెప్పనక్కఱలేదు. నేను చూపదలచినది ఆ తరువాతి సంగతి. యశోద కఱ్ఱ తీసికొని వెంటబడి పట్టుకొనెను. పట్టుకొన్నంతనే బిడ్డ కన్నులలో భయము చూచి ఆ కఱ్ఱను పాఱవైచెను. ఈ మాట వ్యాసుల మూలమునందే కలదు. అయినను చేసినపనిని చేయనిదానివలె విడిచిపెట్టలేదు, రోటికి కట్టెను. కట్టుట మంచిదని నేను చెప్పుటలేదు. భయమును చూచి కఱ్ఱ విడుచుట, కఱ్ఱ విడిచియు హద్దును విడువకుండుట, ఈ రెండును ఒక్క మనిషి ఒక్క నిమిషమున చేయగలదని మాత్రము చెప్పుచున్నాను. మన యిండ్లలో కఱ్ఱ విడిచినవారు హద్దును కూడ విడిచెదరు. హద్దు నిలుపువారు కఱ్ఱ విడువరు.

ఇక చేయవలసినదేమి? బిడ్డ నేలపై దొర్లుచున్నపుడు కత్తిపీట, పొయ్యి, మెట్లు, బావిగట్టు వీనినుండి వానిని దూరము చేయుడు. ఆ తరువాత చేయవలసినది చాల తక్కువ. దగ్గఱ కూర్చుండుడు. పైనుండి చూడక, మీ కన్నులు వాని కన్నులకు సమముగా నుండునట్లు చతికిలబడుడు. మాటలు తగ్గింపుడు. ఆ సమయమున నీతులు చెప్పుటయు, "ఎందుకేడుస్తావో చెప్పు" అని నిలదీయుటయు వ్యర్థము. ఏరు పొంగివచ్చుచుండగా గట్టు వేయబోవుట వంటిది. అడిగిన వస్తువును మాత్రము ఇయ్యకుడు. ఒకసారి ఇచ్చినచో దొర్లుట యొక బేరమని వాడు నేర్చుకొనును. పదిసార్లు కాదని పదునొకండవసారి ఇచ్చుట మఱియు చెఱుపు. పదునొకండుసార్లు దొర్లవలెనని నేర్చుకొనును. కోపము దిగి ఏడ్పు మాఱుట మీ చెవికే తెలియును. గొంతులోని కేక తగ్గి వెక్కిళ్లు మొదలగును. అప్పుడు చేయి చాపుడు.

మాట చెప్పవలసిన సమయము అది. అదియు ఒక్క మాటయే. "బండి చక్రం ఊడిపోయిందని ఉక్రోషం వచ్చింది నీకు, కాదూ?" అన్నచో వాడు తల యూపును. పేరు పెట్టుట చిన్నపని కాదు. పేరు తెలియని జ్వరమునకు ఇంటిల్లిపాదియు వెఱతురు. వైద్యుడు వచ్చి ఇది ఫలానా జ్వరమని చెప్పినచో, జ్వరము తగ్గకున్నను, సగము ధైర్యము వచ్చును. 2007లో కాలిఫోర్నియాలో పెద్దవారిపై జరిగిన పరిశోధనలో, కోపమును భయమును తోచు ముఖముల చిత్రములను చూచి ఆ భావమునకు పేరు చెప్పినపుడు, మెదడున ఉద్వేగమును రేపు భాగముయొక్క చలనము తగ్గుట కనబడినది. అది పెద్దవారిపై జరిగినది. పసివారికిని అట్లే యని నేను దానినుండి తీర్మానింపను. కాని తనకు కలిగినదానికి పేరు నేర్చిన పిల్ల కొన్నాళ్లకు కాళ్లు తన్నుటకు మాఱుగా ఆ మాటనే వాడుట నేను పలు యిండ్లలో చూచితిని.

తెలుగున ఇట్టి మాటలకు కొదువలేదు. బెంగ యను మాట యొకటి చాలును. తల్లి పుట్టింటికి పోయినపుడు బిడ్డకు కలుగునది బెంగ. దిగులు వేఱు, జడుపు వేఱు, బిడియము వేఱు, చిరాకు వేఱు. చెల్లెలు పుట్టినపుడు మూడేండ్ల పిల్ల దానిని గిల్లిన, అసూయ యని మనము తిట్టుదుము. చాలవఱకు అది అసూయ కాదు, తల్లిపై బెంగ. "అమ్మ మీద బెంగగా ఉందా? రా, అమ్మ పక్కన కూర్చో" అని చెప్పి, రోజునకు ఒక పావుగంట తల్లిని ఆ పెద్దపిల్లకే విడిచిపెట్టి, పసికందును అవ్వ ఎత్తుకొనవలెను. పెద్దలుండుటవలని ప్రయోజనము ఇట్టిచోటనే యున్నది. మనము సాధారణముగా చేయునది దీనికి తలక్రిందు. పసికందును తల్లికిచ్చి, పెద్దపిల్లను "నువ్వు అవతలికి పో" అందుము.

భావమునకు అనుమతి ఇచ్చుట యనగా చేతకు అనుమతి ఇచ్చుట కాదు. కోపము రావచ్చును, కొట్టరాదు, కొఱకరాదు, ఉమియరాదు. ఈ మాటను ప్రతిసారియు ఒకే రీతిగా, గొంతు పెంచక చెప్పవలెను. కొందఱు కోపము తీఱుటకు దిండును గ్రుద్దుమని పిల్లలకు నేర్పుదురు. గ్రుద్దుటవలన కోపము చల్లాఱునన్నది నిజము కాదని, అది హెచ్చుటయు కలదని పెద్దలపై జరిగిన పరీక్షలలో తేలినది. దానికంటె, వేడిపాల గిన్నెమీద ఊదినట్లు మెల్లగా ఊదుమని చెప్పుడు. మూడేండ్ల పిల్లకు ప్రాణాయామము చెప్పలేము గాని పాలు ఊదుట దానికి తెలియును. ఇది కోపము లేనపుడు ఆటగా నేర్పవలెను. కోపము వచ్చినపుడు క్రొత్తగా నేర్పబోయినచో గిన్నె మీ ముఖముననే పడును.

ఇప్పుడు మనము మానవలసినవి చెప్పెదను. ఇక్కడ కొంత నిష్ఠురముగా మాటలాడవలసియున్నది, క్షమింపుడు.

అరుగులమీద కూర్చుండు మనకు ఒక వినోదము కలదు. దారిని పోవు పసివానిని పిలిచి, "నిన్ను తవుడుకు కొన్నామురా, తెలుసా? మీ అమ్మ నీకు అమ్మ కాదు" అందుము. తమ్ముడు పుట్టిన యింట, "ఇంక నిన్నెవరు చూస్తారు?" అందుము. వాడు నలుదెసలు చూచును. పెద్దలందఱు నవ్వుచుందురు. వాని పెదవి వణకును; అది చూచి ఇంకను నవ్వుదుము. కడపట వాడు మట్టి తీసి విసరినచో, "చూచితిరా, పిట్ట కొంచెమైనా కోపమెంతో!" అని ఆశ్చర్యపడుదుము. పదిమంది పెద్దలు, ఒక పసివాడు. తవుడు సంగతి పరిహాసమని పదిమందికి తెలియును, వానికి తెలియదు. రాత్రి వాడు తల్లి కొంగు విడువక పడుకొనుటకు కారణము ఇంటివారికి తెలియదు, దిష్టి తగిలినదని ఉప్పు మిరపకాయలు తిప్పుదురు. దిష్టి తీయుటపై నాకు తగవు లేదు. అవ్వ యెదుట బిడ్డ కదలక కూర్చుండి, తననే యందఱు తలచుచున్నారని తెలిసికొను ఆ రెండు నిమిషములు వానికి మేలే చేయును. జ్వరమున్నచో మాత్రము వైద్యునికి చూపవలెను. కాని పగలు మనమే తగిలించి రాత్రి మనమే తీయుట యేటి పని?

పసివానికి అవమానమేమి యని మనకొక నమ్మకము. ఇది మనకే కాదు, నారదునకును ఒకప్పుడు తోచినది. చతుర్థస్కంధమున ధ్రువునికి ఐదేండ్లు. తండ్రి తొడ యెక్కబోవగా సవతితల్లి సురుచి ఆడరాని మాటలాడినది. వాడు కఱ్ఱదెబ్బ తిన్న పామువలె బుసలుకొట్టుచు, ఏడ్చుచు తల్లియొద్దకు వచ్చెను. సునీతి ఏమి చేసినది? "ఏమీ లేదులే" అనలేదు. ఒడిలోకి తీసికొని, సంగతి విని, తానును కంట నీరు పెట్టినది. సురుచి మాటలో నిజమున్నంతవఱకు నిజమే యని ఒప్పుకొని, పోవలసిన దారి చూపినది. నారదుడు ఎదురై, ఆటలయందు మునిగియుండవలసిన బాలునకు మానావమానములేమి యని పలికినాడు. ఆ హితము నా హృదయమున నిలువదని బాలుడు నిర్భయముగా చెప్పినాడు. నారదుడు దానికి కోపింపక, వాని పట్టుదలకు తగిన మార్గమును ఉపదేశించినాడు. బ్రహ్మమానసపుత్రునికే ఐదేండ్లవాడు సరిదిద్ది చెప్పినపుడు, అరుగుమీది మనము వినుటలో చిన్నతనము లేదు.

రెండవది భయపెట్టుట. బూచాడు వచ్చును, పోలీసు వచ్చును, వైద్యుడు సూది వేయును, గోనెసంచివాడు ఎత్తుకొనిపోవును. ఈ మందు తక్షణమే పనిచేయును. అందుచేతనే ఇంతకాలము నిలిచినది. కాని అది కోపమును తీయదు, కప్పివేయును. నిజముగా జ్వరము వచ్చి వైద్యునియొద్దకు పోవలసినపుడు ఆ బిడ్డను నలుగురు పట్టుకొనవలసివచ్చును. ఇంతకంటె పెద్ద నష్టము వేఱొకటి కలదు. తన భయమును చెప్పినచో పెద్దలు నవ్వుదురు లేదా ఇంకను భయపెట్టుదురు అని నేర్చిన బిడ్డ, నిజముగా ఎవడైన తనయెడ చెడ్డగా ప్రవర్తించినపుడు ఎవరితో చెప్పును? పిల్లలకు అట్టి కీడు చేయువారిలో పెక్కుమంది ఆ యింటికి తెలిసినవారే యగుదురు. ఇట్టి నేరముల నుండి పిల్లలను కాపాడుటకు 2012లో ప్రత్యేకముగా చట్టము చేసిరి. ఆపదలోనున్న బిడ్డకొఱకు 1098 సంఖ్యకు ఫోను చేయవచ్చును. చట్టమును సంఖ్యయు ఉన్నను, మొదట బిడ్డ నోరు విప్పవలెను. "ఆ మామ దగ్గరికి పోను" అని మూడేండ్ల పిల్ల మారాము చేసినపుడు, మర్యాద తప్పినదని బలవంతముగా ఒడిలోకి తోయకుడు. ఎందుకో మెల్లగా అడుగుడు. పెక్కుసార్లు అది ఒట్టి బిడియమే. బిడియమైనను బలవంతము వలదు.

మూడవది, మగపిల్లవానికి ఒక నీతి, ఆడపిల్లకు మఱియొక నీతి. వాడు పడి మోకాలు చీరుకొని ఏడ్చినచో "మగవాడివి, ఏడుస్తావా?" అందుము. అది కోపము వచ్చి గిన్నె విసరినచో "ఆడపిల్లకు అంత కోపమా?" అందుము. అనగా వానికి కోపము తప్ప వేఱు దారి లేదు. దానికి ఏడ్పు తప్ప వేఱు దారి లేదు. ఆ పిల్లవాడు ముప్పదేండ్లవాడై, పంట పోయినను, అప్పుదొర వచ్చినను, బిడ్డ జబ్బుపడినను, దిగులని చెప్పుకొనుటకు మాట రాక, ఇంటికి వచ్చి భార్యమీద చేయి చేసికొనును. అట్టి యిండ్లు మీ యూరనున్నవి, మా యూరనున్నవి. పంచాయతీలకు కూర్చుండు మీకు నాకంటె బాగుగా తెలియును.

కొట్టుటను గుఱించి ఎక్కువ చెప్పను. బడులలో పిల్లలను కొట్టుటను 2009 నాటి విద్యాహక్కు చట్టము నిషేధించినది. ఇంటిలో కొట్టినచో, కోపము వచ్చినవాడు కొట్టవచ్చునను పాఠమును బిడ్డ నేర్చుకొనును. కొట్టరాదని చెప్పుచు కొట్టుట వానికి బోధపడదు.

మిఠాయి ఇచ్చి నోరు మూయించుట పాతది. సెల్లుఫోను చేతికిచ్చుట నేటిది. నేటి తాతలకిది పెద్ద ఊరట, నేను కాదనను. ఫోను చూచునంతసేపు బిడ్డ ఏడ్వడు. తీసినంతనే మునుపటికంటె రెండింతలు ఏడ్చును, ఏలయనగా ఆ ఉక్రోషము తీఱలేదు, పక్కకు పెట్టబడినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో రెండేండ్లు నిండని బిడ్డలకు తెర చూపుట తగదనియు, రెండు మొదలు నాలుగేండ్లవారికి దినమునకు ఒక గంట మించరాదనియు, అంతకంటె తగ్గిన మేలనియు చెప్పినది. ఇంటిలో ఉల్లిపాయలు ఏఱుటకు, చిక్కుడుకాయలు ఒలుచుటకు, కోళ్లకు గింజలు చల్లుటకు బిడ్డను వెంట నుంచుకొనుడు. పని చెడును. కాని మాటలు వచ్చును.

ఒక యింట రెండు న్యాయస్థానములుండుట మఱియొక చిక్కు. తల్లి కాదన్నదానిని అవ్వ కొంగుచాటున ఇచ్చును. తాత కాదన్నదానిని తండ్రి తెచ్చును. బిడ్డ దీనిని రెండు దినములలో కనిపెట్టును. కోడలి మాట తప్పని తోచినను, బిడ్డ యెదుట దానిని కొట్టివేయక, వాడు నిద్రించిన పిదప చెప్పుడు. ఇది అత్తలకు కష్టమని నేనెఱుగుదును. కోడండ్రకును అంతే కష్టము.

సాయంకాలము కథ చెప్పునపుడు మధ్యలో ఆగి, "అప్పుడు ధ్రువుడికి ఎట్లా అనిపించింది?" అని అడుగుచుండుడు. నేనొక నాలుగేండ్ల పిల్ల నడిగితిని. "కడుపులో మంట" అని పొట్ట చూపినది. కోపము, అవమానము అను మాటలకు ముందు పసివారికి తెలియునది దేహమే. పొట్టలో, గొంతులో, చెవులలో వారికి కోపము పుట్టును. "కడుపులో మంటగా ఉందా?" అని మీరడిగినను చాలును, పెద్దమాటలు అక్కఱలేదు. రేడియో అన్నయ్యయని పేరొందిన న్యాయపతి రాఘవరావు గారును, అక్కయ్యయైన కామేశ్వరి గారును పిల్లలకు పాఠములు చెప్పుటకంటె పిల్లలచేత పలికించుటకే పాటుపడిరి. వారి పద్ధతి ఇంటికిని పనికివచ్చును.

ఇక వైద్యునికి చూపవలసిన రెండు సంగతులు చెప్పి విరమింతును.

కొందఱు పిల్లలు ఏడ్చుచు గుక్కపట్టుదురు. ఊపిరి నిలిచి, పెదవులు నీలమై, ఒక్కొక్కప్పుడు తెలివి తప్పుదురు. చూచువారికి ప్రాణము పోయినట్లుండును. సాధారణముగా ఒక నిమిషములోపల ఊపిరి తానే వచ్చును. పెరిగినకొలది ఈ గుణము పోవును. బిడ్డను ప్రక్కకు తిప్పి పరుండబెట్టుడు. నోట ఏమియు పెట్టకుడు, ఊపి కుదిలింపకుడు. మొదటిసారి వచ్చినపుడు తప్పక వైద్యునికి చూపవలెను. నెత్తురులో ఇనుము తక్కువైన పిల్లలలో ఇది తఱచు కనబడును. వైద్యుడు పరీక్షించి ఇచ్చు ఇనుపమందువలన తగ్గుటయు కలదు. గుక్కపట్టునను భయముచే అడిగినదెల్ల ఇచ్చుట మాత్రము వలదు.

రెండవది చెవి. రెండేండ్లు నిండియు "పాలు కావాలి", "అమ్మ రా" అని రెండు మాటలు కలిపి పలుకని బిడ్డకు ఉక్రోషము మిక్కుటముగా నున్నచో, దానిని మొండితనమని త్రోసివేయకుడు. వినబడనివానికి మాటలు రావు. మాటలు రానివాడు తన్నుకొనక ఏమి చేయును? ఆలస్యముగా మాటలు వచ్చుట మా వంశమున కలదని ఊఱకుండువారు పలువురు. పుట్టుకతోవచ్చు లోపములను, ఎదుగుదలలోని జాప్యమును కనిపెట్టుటకు 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద జిల్లాలలో పరీక్షా కేంద్రములు ఏర్పడినవి. అంగన్‌వాడీ కార్యకర్తనో, ఆశా కార్యకర్తనో అడిగినచో దారి చెప్పుదురు. వీపు వెనుక పళ్లెము మ్రోగించి, వాడు ఉలికిపడినాడు గనుక వినబడుచున్నదని ఇంటనే తీర్మానింపకుడు. పెద్దచప్పుడు వినబడి మాట మాత్రము తెలియని చెవులు కలవు. పరీక్షకు తీసికొనిపొండు.